1975 అయితే టెస్ట్ లేదు, 1976 అయితే తప్పదు: కాలిఫోర్నియా స్మాగ్ గొడవ అంతా 2004లో మొదలైంది

కాలిఫోర్నియాలో లెనోస్ లా (పాత కార్లు సేకరించే టీవీ హోస్ట్ జే లెనో పేరుతో పిలిచే బిల్లు) గురించి మళ్ళీ అందరూ మాట్లాడుతున్నారు, పాత కార్లకి స్మాగ్ చెక్, అంటే కారు వదిలే పొగ లిమిట్‌లో ఉందో లేదో చూసే టెస్ట్, ఎత్తెయ్యాలా వద్దా అని. లాస్ ఏంజెలెస్ పొగ, 1970 క్లీన్ ఎయిర్ యాక్ట్, 1984లో రెండేళ్ళకోసారి స్మాగ్ చెక్ మొదలవ్వడం ఇవన్నీ చాలామందికి తెలిసిన సంగతులే, వాటి జోలికి పోను. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే చూడాల్సింది 2004.

దానికి ముందు పరిస్థితి ఏంటంటే, 1997లో రాష్ట్ర సెనేటర్ క్వెంటిన్ కాప్ తెచ్చిన సెనేట్ బిల్లు ఎస్‌బీ 42 అనే చట్టం ప్రకారం 1973, అంతకు ముందు మోడల్ కార్లకి 1998 నుంచి టెస్ట్ తీసేశారు, 2003 నుంచి ఏ కారుకి 30 ఏళ్ళు నిండితే ఆ కారుకి ఆటోమేటిక్‌గా మినహాయింపు అన్నారు. అంటే మినహాయింపు గీత ప్రతి ఏడాదీ ఒక మోడల్ ఇయర్ ముందుకి జరుగుతూ ఉంటుంది. 2003లో 1973, 2004లో 1974, 2005 జనవరిలో 1975. 1976 వాళ్ళు ఇంకొక్క ఏడాది ఆగితే చాలు అనుకుంటూ ఉన్నారు.

సరిగ్గా అక్కడే ఆపేశారు. అసెంబ్లీ సభ్యురాలు శాలీ లీబర్ తెచ్చిన అసెంబ్లీ బిల్లు ఏబీ 2683 మీద 2004లో గవర్నర్ ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ సంతకం పెట్టారు, 2005 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది, గీత 1975 దగ్గర గడ్డకట్టుకుపోయింది. 20 ఏళ్ళు దాటినా అక్కడే ఉంది. 1976, ఆ తర్వాతి కారు ఏదైనా సరే, దానికి 50 ఏళ్ళొచ్చినా రెండేళ్ళకోసారి వెళ్ళి పాసవ్వాల్సిందే, లేకపోతే రిజిస్ట్రేషన్ రెన్యువల్ అవ్వదు.

ఇక్కడ 1975కి 1976కి మధ్య ఇంజనీరింగ్ పరంగా పెద్ద తేడా ఏమైనా ఉందా అంటే, ఫోక్స్‌వాగన్ బీటిల్ తీసుకోండి. అమెరికాలో 1975లోనే బీటిల్‌కి కార్బ్యురేటర్ తీసేసి బాష్ ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టారు, 1976లోనూ అదే 1600 సీసీ ఎయిర్ కూల్డ్ ఇంజన్, అదే ఇంజెక్షన్. పక్కపక్కన నిలబెడితే చాలామంది తేడా చెప్పలేరు. ఒకదానికి జీవితాంతం టెస్ట్ లేదు, ఇంకోదానికి జీవితాంతం ఉంది. ఆ ఏడాది ఎలా వచ్చిందంటే కారుని చూసి కాదు, చట్టం అమల్లోకొచ్చే రోజుకి గీత ఎక్కడిదాకా జరిగిందో అక్కడ మేకు కొట్టేశారు, అంతే.

అప్పట్లో చట్టం తెచ్చినవాళ్ళ వాదన ఏంటంటే, పాత కార్లు సంఖ్యలో తక్కువైనా మైలుకి వదిలే పొగ చాలా ఎక్కువ, గీత జరుగుతూ పోతే క్యాటలిటిక్ కన్వర్టర్ (ఎగ్జాస్ట్‌లో పొగని శుభ్రం చేసే పార్టు) ఉన్న కార్లు కూడా చెకింగ్ లేకుండా పోతాయి, గాలి బాగుచేస్తామని ఫెడరల్ ప్రభుత్వానికి ఇచ్చిన లెక్క తప్పుతుంది అని. ఇందులో నిజం ఉంది, శాన్ వాకీన్ లోయలోనూ లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కలా ఓజోన్ ఇప్పటికీ దేశంలోనే చాలా ఘోరమైన స్థాయిలో ఉంది. కానీ ఈ వాదన రోజూ ఆఫీసుకి తోలే పాత డొక్కు కారుకి సరిపోతుంది, ఆదివారం పొద్దున షెడ్‌లోంచి తీసి మళ్ళీ షెడ్‌లో పెట్టే కారుకి సరిపోదు, ఆ రెండిటికీ తేడా 2004లో సరిగ్గా పట్టించుకోలేదు.

ఎయిర్ కూల్డ్, అంటే గాలితోనే చల్లబడే ఇంజన్ల వాళ్ళే ఎందుకు ఎక్కువ గోల పెడతారంటే దానికి కారణం ఉంది. నీళ్ళు, రేడియేటర్ లేవు కాబట్టి ఇంజన్ వేడి ఒక స్థాయిలో నిలబడదు, ఎండని బట్టి, లోడ్‌ని బట్టి మారిపోతూ ఉంటుంది. హెడ్స్ (సిలిండర్ల పై భాగం) మరీ వేడెక్కకుండా ఉండాలంటే మిక్చర్ కొంచెం రిచ్‌గా, అంటే పెట్రోల్ ఎక్కువగా, పెట్టుకోవాలి, అప్పుడు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు పెరుగుతాయి. అవి తగ్గిద్దామని లీన్ చేస్తే, అంటే పెట్రోల్ తగ్గిస్తే, లోపల వేడి పెరిగి నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. ముందు నుయ్యి వెనక గొయ్యి. పైగా ఆ బీటిల్ ఇంజెక్షన్‌కి ఆక్సిజన్ సెన్సర్ లేదు, తనంతట తాను సరిచేసుకోలేదు, చేత్తో స్క్రూ తిప్పి సెట్ చేసుకోవాల్సిందే. లాస్ ఏంజెలెస్, బే ఏరియా లాంటి చోట్ల కారుని డైనో (కారు ఉన్నచోటే చక్రాలు తిరిగేలా చేసే మెషీన్) రోలర్ల మీద ఎక్కించి గంటకి 15 మైళ్ళ దగ్గర ఒకసారి, 25 మైళ్ళ దగ్గర ఒకసారి ఈ మూడు రకాల వాయువులూ కొలుస్తారు. అందుకే తెలిసినవాళ్ళు టెస్ట్‌కి ముందే ట్యాపెట్లు (వాల్వులని తెరిచే భాగాలు) 0.006 అంగుళం గ్యాప్‌కి సెట్ చేసి, ఆయిల్ మార్చి (పాత ఆయిల్‌లో కలిసిన పెట్రోల్ ఆవిరి మళ్ళీ ఇంజన్‌లోకే వచ్చి హైడ్రోకార్బన్లు పెంచుతుంది), వాక్యూమ్ గొట్టాల్లో పగుళ్ళు చూసుకుని, ఇంజన్ బాగా వేడెక్కేదాకా తోలి వెళ్తారు.

పొగ అంకెలు పాసైనా అయిపోలేదు, కంటితో చూసే చెకింగ్ ఉంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ప్రతి ఎమిషన్ పార్టూ ఉండాలి, ఇంజెక్షన్ తీసేసి కార్బ్యురేటర్లు పెట్టుకున్న బీటిల్ ఎంత శుభ్రంగా నడిచినా ఫెయిలే. ఇందులో పోర్షే వాళ్ళ బాధ ఇంకా ఎక్కువ. కాలిఫోర్నియాలో అమ్మిన 1975-77 నాటి 2.7 లీటర్ 911లకి థర్మల్ రియాక్టర్లు అని పెట్టారు, మిగిలిపోయిన ఇంధనాన్ని ఎగ్జాస్ట్ దగ్గరే మండించే ఇనప డబ్బాలు అవి, ఆ వేడికి మెగ్నీషియంతో చేసిన ఇంజన్ కేసులోంచి హెడ్ స్టడ్స్ (హెడ్స్‌ని బిగించి పట్టుకునే బోల్టులు) ఊడొచ్చేస్తాయని ఈ ఇంజన్లు విప్పిన మెకానిక్కులందరికీ తెలుసు. వాటిని తీసేసి పాత మోడల్ హీట్ ఎక్స్ఛేంజర్లు పెడితే ఇంజన్ బతుకుతుంది, కానీ 1976 కారు విజువల్‌లో ఫెయిల్ అవుతుంది. ఇంజన్‌ని పాడుచేసే పార్టుని కాపాడుకుంటూ ఉండమని చట్టం చెప్పడం నాకైతే అన్యాయంగానే అనిపిస్తుంది.

2004 తర్వాత ఇంకో మార్పు వచ్చింది, దాన్ని పెద్దగా ఎవరూ ప్రస్తావించట్లేదు. 2010లో ఏబీ 2289 వచ్చి, దాని ప్రకారం 2015 నుంచి 2000, ఆ తర్వాతి మోడళ్ళకి డైనో అక్కర్లేదు, కంప్యూటర్‌కి వైర్ తగిలిస్తే చాలు అన్నారు. దాంతో చాలా షాపులకి డైనో ఉన్న పాత మెషీన్ మెయింటైన్ చెయ్యాల్సిన పనిలేకుండా పోయింది. అంటే చట్టం 1976 కారుని టెస్ట్ చేయించుకోమంటుంది, టెస్ట్ చేసే చోట్లేమో తగ్గిపోతున్నాయి. మరోపక్క కొత్త కార్లకి మొదటి 6 ఏళ్ళు ఉన్న మినహాయింపుని 2017 చట్టంతో 8 ఏళ్ళకి పెంచారు. అదే టెక్సాస్‌లో, డాలస్, హ్యూస్టన్‌లలో ఉన్న మనవాళ్ళకి తెలిసే ఉంటుంది, 24 ఏళ్ళు దాటితే ఎమిషన్ టెస్టే లేదు, అక్కడ గీత ఇంకా కదులుతూనే ఉంది.

2025లో బేకర్స్‌ఫీల్డ్ సెనేటర్ షానన్ గ్రోవ్ తెచ్చిన ఎస్‌బీ 712, అదే లెనోస్ లా, అడిగింది నిజానికి 1997 గీతకంటే తక్కువే. 30 కాదు 35 ఏళ్ళు నిండాలి, కలెక్టర్ కారుగా ఇన్సూరెన్స్ ఉండాలి. జే లెనో స్వయంగా శాక్రమెంటో వచ్చి కమిటీ ముందు మాట్లాడారు, సెనేట్ దాటింది, ఆగస్టులో అసెంబ్లీలో ఖర్చుల లెక్క చూసే అప్రోప్రియేషన్స్ కమిటీలో ఆగిపోయింది. కలెక్టర్ ఇన్సూరెన్స్ పేరు చెప్పి రోజువారీ కార్లు దూరిపోతాయి అనేది వ్యతిరేకించేవాళ్ళ ముఖ్యమైన భయం, కానీ ఆ ఇన్సూరెన్స్ కంపెనీలే రోజువారీ వాడకానికి ఒప్పుకోవు, క్లెయిమ్ వస్తే తిరస్కరించొచ్చు.

ఇప్పుడున్న చట్టంలోనూ 35 ఏళ్ళు దాటిన కలెక్టర్ కార్లకి ఒక దారుంది, స్మాగ్ రెఫరీ (మామూలు షాపుల్లో తేలని కేసుల్ని రాష్ట్రం తరఫున చూసే కేంద్రం) దగ్గరికి వెళ్తే పార్టుల విజువల్ చెకింగ్ ఉండదు, ఇంధనం లీకులు, ట్యాంక్ మూత మాత్రమే చూస్తారు. కానీ పొగ అంకెలు మాత్రం ఆ మోడల్ ఇయర్ లిమిట్స్‌లో ఉండాల్సిందే. 1976 బీటిల్ ఉన్నవాళ్ళకి ప్రస్తుతానికి ఇదే దిక్కు.