పెట్టెకి చొక్కా

చి॥ అమ్మడికీ, చి॥ బుజ్జికీ తాతయ్య దీవెనలు.

ఇక్కడ నేనూ అమ్మమ్మా కులాసా. ఎండలు అప్పుడే ముదిరిపోయాయి. నిన్న శ్రీరామనవమి పందిట్లో రెండు గ్లాసుల పానకం తాగి వచ్చి నడుం వాల్చానో లేదో మీ అమ్మ ఫోను. కుశలప్రశ్నలు పూర్తికాకుండానే అమ్మడు ఫోను లాక్కుంది.

అమ్మడూ, నువ్వడిగింది ఇదీ కదా. పరీక్షలో పైన మూత లేని నీళ్ల తొట్టి ఇచ్చారు. 2 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు, మీటరు ఎత్తు. లోపలంతా రంగు వేయించాలి, ఎన్ని చదరపు మీటర్లు? నువ్వు దీర్ఘఘనం సంపూర్ణతల వైశాల్యం సూత్రం పొల్లుపోకుండా రాసి 13 అని తేల్చావు. ఎర్ర ఇంకుతో దాన్ని కొట్టేసి 10 అని రాశారు. "సూత్రం కరెక్టే కదా తాతయ్యా, మరి మార్కులెందుకు పోయాయి?" అన్నావు. ఏడుపు దిగమింగుకునే అడిగావు గానీ నాకు వినపడిందిలే.

ఫోనులో చెబితే తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను. సూత్రానికి కళ్లు లేవమ్మా. ఆ తొట్టికి మూత ఉందో లేదో దానికేం తెలుసు? అది చూసి చెప్పాల్సింది నువ్వు. అయితే తొట్టి కంటే చిన్నదాన్ని, చేతిలో పట్టేదాన్ని పట్టుకుంటే మేలు. అందుకని దేవుడి గూట్లోంచి అగ్గిపెట్టె పట్టుకొచ్చాను. పుల్లలన్నీ స్టీలు గ్లాసులో పోశాను. అమ్మమ్మకి ఇంకా తెలీదు.

స్కేలు పెట్టి కొలిచాను. పొడవు 5 సెంటీమీటర్లు, వెడల్పు మూడున్నర, ఎత్తు ఒకటిన్నర. ఇప్పుడు దీనికి చొక్కా కుట్టాలనుకో. నవ్వకు. దర్జీ ఏం చేస్తాడు? గుడ్డని రెండు పొరలుగా మడిచి కత్తెర వేస్తాడు. ఒక్క కోతకి ఒకేలాంటి ముక్కలు రెండు వస్తాయి. పెట్టెలో కూడా ప్రతి ముఖానికీ ఎదురుగా దాని జోడీ ఉంది. పైకి కింద జోడీ, ముందుకి వెనక జోడీ, ఈ చివరకి ఆ చివర జోడీ. అందుకే మూడు ముక్కలే కొలిచి, చివర్న రెండు రెట్లు చేస్తాం. మీ పుస్తకంలో బ్రాకెట్టు ముందు కూర్చున్న ఆ 2 అంకె దర్జీ మడత అనుకో. బ్రాకెట్టులో ఉన్నవి ఆ మూడు ముక్కలే: పొడవు వెడల్పుల ముక్క పదిహేడున్నర, పొడవు ఎత్తుల ముక్క ఏడున్నర, వెడల్పు ఎత్తుల ముక్క అయిదుంబావు. కలిపితే ముప్ఫయింబావు, రెండు రెట్లు చేస్తే 60.5 చదరపు సెంటీమీటర్లు.

బుజ్జీ, నువ్వు మధ్యలో దూరి "చదరపు ఎందుకు, ఉత్త సెంటీమీటర్లు చాలవా?" అన్నావట. ఉత్త సెంటీమీటర్లతో దారం కొనచ్చు. గుడ్డ కొనాలంటే పొడవుతో పాటు పన్నా, అంటే గుడ్డ వెడల్పు కూడా చెప్పాలి. అంతే.

సరే, చొక్కాకి వద్దాం. ముందూ వెనకా చొక్కా ఒళ్లు, రెండు పక్కలూ చేతులు, పై మూత తలపాగా. అడుగు? అడుగున ఉండేవి పాదాలు, వాటికి చెప్పులు గానీ చొక్కా ఎందుకు? పైగా మనిషికి మెడ ఉంటుంది, పెట్టెకి ఉండదు. ఇక్కడికి నా పోలిక చంకల్లో పట్టేస్తోంది. అయినా వదలను. దీని వెనక ఒక కథ ఉంది.

నేను ఆరో ఫారం, అంటే అప్పటి బడి ఆఖరి తరగతి, దాటి కాలేజీ మెట్టెక్కుతున్న ఏడు, హాస్టలుకి తీసుకెళ్లడానికి మా నాన్న ఒక రేకు పెట్టె కొన్నారు. ఆకుపచ్చ రంగు, మూత మీద రెండు గులాబీలు. రైల్లో రంగు గీసుకుపోతుందని దానికి ఖాకీ గుడ్డతో తొడుగు కుట్టించేవాళ్లు ఆ రోజుల్లో. "గుడ్డ ఎంత కావాలో దర్జీని అడిగి రారా" అన్నారు నాన్న. నేను అడగలేదు. లెక్కల్లో నాకు తొంభై దాటి వచ్చేవి, దర్జీని అడగడమేమిటని నా బడాయి.

పెట్టె పొడవు 30 అంగుళాలు, వెడల్పు 18, ఎత్తు 12. నేను నీకంటే తెలివైనవాణ్ణి అమ్మడూ, అడుగు భాగం తీసేశాను! తొడుగు పైనుంచి దించేది కదా, అడుగుతో పని లేదు. చుట్టూ నాలుగు పక్కలకీ 1152, మూతకి 540, మొత్తం 1692 చదరపు అంగుళాలు. కొట్లో ఖాకీ పన్నా 36 అంగుళాలు. 1692ని 36తో భాగిస్తే శేషం లేకుండా 47. దైవానుగ్రహం అనుకున్నాను. కొట్టువాడు గజంన్నర తీసుకోమంటుంటే వినకుండా సరిగ్గా గజం పదకొండు అంగుళాలు కోయించి, గర్వంగా చంకన పెట్టుకుని దర్జీ దగ్గరకి పోయాను.

ఆయన ఏమీ అనలేదు. గుడ్డ బల్ల మీద పరిచి, చెవి మీద నుంచి సుద్దముక్క తీసి గీతలు గీశాడు. మూత గీశాడు. దాని పక్కన ఒక పొడుగు పక్క గీశాడు. కింద రెండు పొట్టి పక్కలు ఒకదాని పక్కన ఒకటి గీశాడు. ఇంకో పొడుగు పక్క మిగిలింది, దానికి 30కి 12 కావాలి. బల్ల మీద మిగిలినవి రెండు పేలికలు. ఒకటి ఆరంగుళాల వెడల్పు, 30 పొడవు. రెండోది అయిదంగుళాల వెడల్పు, 36 పొడవు. వైశాల్యం లెక్కేసుకోండి, రెండూ కలిపి సరిగ్గా 360, నాకు కావలసిందీ 360. చదరపు అంగుళం తేడా లేదు. కానీ రెండూ అతికితే ఎత్తు పదకొండే వస్తోంది! ఒక అంగుళం కింద బోడి, పక్కన ఆరంగుళాలు వేలాడుతూ.

"ఇంకా చిన్న ముక్కలు చేసి అతికితే సరిపోతుంది కదండీ" అన్నాను.

"సరిపోద్ది. పెట్టెకి కాదు బాబూ, గంగిరెద్దుకి" అన్నాడాయన.

ఆ తర్వాత నెమ్మదిగా అడిగాడు, "కుట్టుకి ఎంత వదిలావు?" అని. కుట్టుకి వదలడమా! ప్రతి అంచునా అరంగుళం లోపలికి మడవకపోతే దారం దేన్ని పట్టుకుంటుంది? పుస్తకంలో పెట్టె అంచు ఒక గీత. గీతకి మందం ఉండదు, పీచు లేవదు, మడత అక్కర్లేదు. ఖాకీకి ఇవన్నీ ఉన్నాయి. ఇంకో అరగజానికి నాన్న దగ్గర మళ్లీ చెయ్యి చాచాల్సి వచ్చింది. ఆయన డబ్బులిచ్చారు గానీ "దర్జీని అడిగావా?" అని మాత్రం అడగలేదు, అదే ఎక్కువ సిగ్గనిపించింది. పనిచేసే చెయ్యిని అడిగి తెలుసుకోవడంలో నామోషీ లేదు పిల్లలూ. మేస్త్రీ, దర్జీ, రంగులేసే ఆయన, వీళ్లందరూ ఈ లెక్క రోజూ చేస్తారు. వాళ్లు దాన్ని సంపూర్ణతల వైశాల్యం అనరు, అంతే.

నా పెట్టె గొడవలో పడి అసలు పెట్టె మర్చిపోయాను. అగ్గిపెట్టెలో ఒక తమాషా ఉంది. అది ఒక పెట్టె కాదు, రెండు. పైన తొడుగు, లోపల జారే అర. అర వెంట్రుకవాసి చిన్నది, ఆ తేడా వదిలేద్దాం. తొడుగుకి రెండు చివరలూ లేవు, కాబట్టి దానికి ముఖాలు నాలుగే. అరకి మూత లేదు, కాబట్టి అయిదు. పెట్టె మూసి ఉంటే ఆరు. ఒకే పొడవు, ఒకే వెడల్పు, ఒకే ఎత్తు. జవాబులు మాత్రం మూడు: తొడుగుకి 50, అరకి 43, మూసిన పెట్టెకి అరవైన్నర. నీ నీళ్ల తొట్టి ఈ మూడింటిలో ఏది అమ్మడూ? అర. మూత లేనిది. నీ 13లోంచి మూతకి పట్టే 3 తీసెయ్, టీచరు రాసిన 10 అక్కడే కూర్చుంది.

తొడుగుని నిలబెట్టి చూడు. ఇప్పుడది కప్పూ నేలా లేని గది, నాలుగు గోడలు. ఎక్కడైనా ఒక అంచున విప్పి పరిస్తే ఒకటే పొడుగు ముక్క. గది చుట్టుకొలత 10 సెంటీమీటర్లు, గోడ ఎత్తు 5, అంటే 50. మీ పుస్తకంలో ప్రక్కతల వైశాల్యం అని రెండో సూత్రం ఉందే, అది ఇదే. సంక్రాంతికి మా ఇంట్లో సున్నం వేసే ఆయన గది చుట్టూ ఒకసారి అడుగులేసి, గోడకేసి ఒకసారి చూసి ఎన్ని బక్కెట్ల సున్నం కలపాలో చెప్పేవాడు. పడక్కుర్చీలో కూర్చుని లెక్క పెడితే రాదు అది.

పెన్ను తీసే ముందు అరచెయ్యి తీయండి. ఊహలోనైనా సరే, ఆ వస్తువు చుట్టూ చెయ్యి తిప్పండి. ఎక్కడ తగిలితే అది లెక్క, ఎక్కడ ఖాళీలోకి పోతే అది లెక్కలో లేదు.

మా చిన్నప్పుడు అగ్గిపెట్టెలు పల్చటి చెక్కతో చేసి, నీలం కాగితం అంటించేవాళ్లు. శివకాశి నుంచి వచ్చేవి, ఇప్పటికీ ఎక్కువ అటునుంచే. ఖాళీ పెట్టె దొరికితే పండగే. రెండు అరలకి దారం కట్టి టెలిఫోను, అయిదు తొడుగులు వరసగా కట్టి రైలు. పై బొమ్మలు చించి దాచుకునేవాళ్లం. 2021 డిసెంబరులో రూపాయి పెట్టె రెండు రూపాయలైంది, అమ్మమ్మ నెల రోజులు గొణిగింది. ఇప్పటి అట్టపెట్టె తడిస్తే చాలు, ఒళ్లు విప్పేసుకుంటుంది.

పానకం సంగతి ఒకటి చెప్పాలి. నిన్న అమ్మమ్మ బెల్లం అచ్చుని రోట్లో దంచుతుంటే, అలాగే నీళ్లలో వేసెయ్యొచ్చు కదా అన్నాను. "సాయంత్రానికి కరుగుతుంది, అప్పుడు తాగుదురు గాని" అంది. ఆవిడ దగ్గర సూత్రం లేదు గానీ ఎప్పుడూ తప్పదు. మూడు సెంటీమీటర్ల బెల్లం ఘనం తీసుకోండి, ఒంటి మీది వైశాల్యం 54. దాన్ని ఒక్కో సెంటీమీటరు ముక్కలు చేస్తే 27 వస్తాయి. ఒక్కోదానికి 6, మొత్తం 162. బెల్లం రవ్వంత కూడా పెరగలేదు. నీళ్లు తగిలే చోటు మాత్రం మూడింతలైంది. కత్తి దిగిన చోటల్లా లోపల దాక్కున్నది బయటికి వచ్చింది మరి. ఇంకా మెత్తగా దంచితే ఇంకా పెరుగుతుంది. ఎంతదాకా పెరుగుతుందని అడగకండి, నాకు ఆ రోట్లో చూస్తుంటేనే కళ్లు తిరుగుతాయి.

దీనికి తిరగేసిన విద్య ఒకటుంది. సిరిసిల్లలో నల్ల పరంధాములు గారని నేతకారుడు, అగ్గిపెట్టెలో పట్టే చీర నేశారు. ఆ తర్వాత ఆయన కొడుకు విజయ్ కూడా నేశారు. మామూలు చీర అయిదున్నర మీటర్ల పొడవు, మీటరు పది సెంటీమీటర్ల పన్నా అనుకుందాం. 550ని 110తో గుణించండి. 60,500 చదరపు సెంటీమీటర్లు. నా అగ్గిపెట్టెకి ఎంత వచ్చింది? 60.5. అంటే ఒక్క చీరతో ఇలాంటి వెయ్యి పెట్టెలకి చొక్కాలు కుట్టొచ్చు, కుట్టుకి వదలకుండా సుమా! అంత గుడ్డ ఒక్క అగ్గిపెట్టె లోపలికి వెళ్లి కూర్చుందంటే మన సూత్రం ఏం చెబుతుంది? ఏమీ చెప్పదు. అది పెట్టె ఒంటి గురించే మాట్లాడుతుంది, కడుపులో ఎన్ని మడతలు దాగాయో దానికి తెలీదు. నేను ఈ లెక్క వేసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

ఇప్పుడు మీకు పని. టూత్‌పేస్టు అయిపోవచ్చింది కదా, డబ్బా పారేయకండి. జిగురున్న చోట మెల్లగా, చిరగకుండా విప్పి నేల మీద పరవండి. ఆరు ముఖాలకీ బుజ్జి అంకెలు వేయాలి. అంకె పడని రెక్కలు కొన్ని మిగులుతాయి. అవెందుకున్నాయో ఈపాటికి మీకు తెలియాలి. ఆరు ముఖాలకి ఎంత అట్ట, రెక్కలకి ఎంత అట్ట, అమ్మడు కొలిచి రాయాలి. ఫోనులో కాదు, కార్డు మీద.

ఇక ఉంటాను. సంధ్యవేళైంది, అమ్మమ్మ దీపం పెట్టడానికి అగ్గిపెట్టె వెతుకుతోంది. పుల్లలు గ్లాసులో భద్రంగానే ఉన్నాయి గానీ, తొడుగు విప్పి ఈ కాగితం పక్కన పరిచేశాను. గీసే పక్కలు రెండూ చిరిగాయి.

మీ తాతయ్య