సుత్తి వెళ్లిపోయాక నొక్కితే ఏం లాభం?

పోలండ్ స్వరకర్త షోపాన్ పియానో సాధన కోసం రాసిన ఎట్యూడ్‌ల సంపుటి ఓపస్ 10లో రెండోదాన్ని నేర్చుకోవడం మొదలుపెట్టినవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న: ఉంగరపు వేలికి, చిటికెన వేలికి బలం ఎలా తెచ్చుకోవాలి?

అడగడంలో వింతేమీ లేదు. ఈ సంపుటి 1833లో అచ్చయింది, పియానో విద్వాంసుడు ఫ్రాంజ్ లిస్ట్‌కు అంకితం. రెండో ఎట్యూడ్‌లో కుడిచేతి నడిమి, ఉంగరపు, చిటికెన వేళ్లు పన్నెండు స్వరస్థానాలనూ వరసగా తాకుతూ పైకీ కిందికీ ఆగకుండా పరుగెత్తాలి. అదే చేతి బొటనవేలు, చూపుడువేలు నాలుగు స్వరాలకోసారి చిన్న కార్డ్‌ను (ఒకేసారి మోగే స్వరాల గుత్తిని) అలా తాకి తప్పుకోవాలి. మామూలుగా ఈ వరసను మోసేది బొటనవేలే. అది వేరే పనిలో పడింది కాబట్టి నడిమివేలు పక్క రెండు వేళ్లనూ దాటుకుంటూ పోవాలి. నల్ల మీటలు ఎక్కువగా నడిమివేలికి, తెల్లవి ఉంగరపు వేలికి. రెండు తెల్ల మీటలు పక్కపక్కన వచ్చేచోట చిటికెన వేలు కలుస్తుంది.

ఇక బలం సంగతి. పియానో మీట దిగడానికి సుమారు 50 గ్రాముల బరువు చాలు. ఉంగరపు వేలికి అంత శక్తి లేకపోవడమేమిటి! మీట దిగే లోతు దాదాపు 10 మిల్లీమీటర్లు. అది అడుగుకు చేరేలోపే, తీగను కొట్టే చిన్న సుత్తి ఆ తీగకు ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఉండగానే, లోపలి యంత్రాంగం సుత్తిని వదిలేస్తుంది. మిగతా దూరం సుత్తి తన వేగంతో తానే వెళ్లి తీగను కొట్టి వెనక్కి వస్తుంది. క్యారమ్స్‌లో స్ట్రైకర్ వేలు వదిలాక ఆ వేలిని బోర్డుకేసి ఎంత అదిమినా కాయిన్ దారి మారదు కదా, ఇదీ అంతే. స్ట్రైకర్ వెళ్లిపోయాక కూడా ఆటగాడు వేలిని బోర్డుకు అదిమే ఉంచాడనుకోండి. తర్వాతి దెబ్బకు ముందు ఆ వేలిని వదులు చేసుకోవాలి. క్యారమ్స్‌లో అందుకు కావలసినంత వ్యవధి ఉంటుంది. ఈ ఎట్యూడ్‌లో ఉండదు. షోపాన్ ఇచ్చిన వేగం నిమిషానికి 144 బీట్లు (తాళపు దెబ్బలు), బీటుకు నాలుగు స్వరాలు. అంటే సెకనుకు 9.6, ఒక్కో స్వరానికి 104 మిల్లీసెకన్లు. మీట అడుగున మిగిలిన ప్రతి అదుముడూ పక్క వేలి ఖాతాలోకి చేరుతుంది. ముంజేయి మంట పుట్టేది అందుకే. బిగిసిన కండరంలో రక్తం సరిగా ఆడదు.

ఉంగరపు వేలికి నిజంగా చేతకానిది పైకి లేవడం. అరచేతిని బల్లమీద బోర్లించి, నడిమివేలిని లోపలికి మడిచి, ఉంగరపు వేలిని ఎత్తి చూడండి. దాదాపు కదలదు. చూపుడువేలికీ చిటికెన వేలికీ చాపే కండరం విడిగా ఒకటుంది, ఉంగరపు వేలికి లేదు. పైగా చేతి వెనకభాగంలో దాని స్నాయువును పక్కవాటికి కట్టిపడేసే అడ్డపట్టీలున్నాయి. 19వ శతాబ్దంలో కొందరు వాద్యకారులు ఆ పట్టీలను కోయించుకున్నారు కూడా! వేళ్లను సుత్తుల్లా ఎత్తెత్తి కొట్టమనే పాఠం ఇంకా బతికే ఉంది. నా దృష్టిలో అది మూఢనమ్మకమే. వేలిని ఎత్తనక్కర్లేదు. నొక్కుడు మానేస్తే మీట తనంతట తానే లేచి వేలిని మోసుకొస్తుంది.

సాధన దీన్నిబట్టే ఉండాలి. ముందు కార్డులు తీసేసి, వేళ్ల వరసను నిమిషానికి 60 బీట్ల దగ్గర, అతి మెల్లని ధ్వనితో, వేళ్లు మీటల్ని వదలకుండా వాయించండి. తప్పు వేలు పడితే అక్కడే ఆగి సరిచేయండి, లేకపోతే అదే అలవాటైపోతుంది. వరస కుదిరాక కార్డులు చేర్చండి. ఎక్కువమంది చెడేది ఇక్కడే: కార్డ్ తాకిన బొటనవేలు మీటను పట్టుకునే ఉంటుంది, దాంతో చెయ్యంతా బిగుస్తుంది. ఒక కార్డ్ వాయించి అలాగే ఆగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న కండను ఎడమచేత్తో తాకి చూడండి. మెత్తగా ఉండాలి.

ఆ తర్వాత మెట్రోనోమ్‌ను (టిక్కుమంటూ తాళం చూపే పరికరాన్ని) రెండేసి అంకెలు పెంచుకుంటూ పోవద్దు. 60 దగ్గర ప్రతి వేలినీ విడిగా పెట్టే తీరిక ఉంటుంది, 144 దగ్గర ఉండదు. కదలికే వేరు. అంత వేగంలో వేలి స్పర్శ మెదడుకు చేరి దిద్దుబాటు ఆజ్ఞ తిరిగొచ్చేలోపు తర్వాతి స్వరం మోగిపోతుంది. వాద్యకారుల వేళ్లు సెకనుకు 16 సార్లు దాకా పడగలవనీ, అవి ఒకదాన్ని చూసి ఒకటి కదిలేవి కావనీ, వరస ముందే సిద్ధమై ఉండాలనీ అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ లాష్లీ 1951లోనే వాదించాడు. కాబట్టి ఐదేసి స్వరాలు తీసుకోండి: ఒక బీటులోని నాలుగు, తర్వాతి బీటులో మొదటిది. పూర్తి వేగంతో ఒక్క ఊపున వాయించి ఆగండి. ఆగినప్పుడు మణికట్టు అటూ ఇటూ వదులుగా ఊగాలి. ఊగకపోతే ఆ ముక్క ఇంకా రానట్టే. కుదిరాక తొమ్మిదేసి, ఆపైన పదిహేడేసి. అతుకులు తెలియకుండా ఉండాలంటే కొన్నిసార్లు బీటు మధ్యనుంచి, రెండో స్వరం దగ్గరో మూడో స్వరం దగ్గరో మొదలుపెట్టండి.

ఎడమచేతికి పెద్ద కష్టం లేదు, తేలిగ్గా వాయిస్తే చాలు.

మంట మొదలైతే ఆ పూటకు ఆపేయండి. మొత్తం 49 బార్లు (నాలుగేసి బీట్ల ఆవర్తాలు), పూర్తి వేగంలో ఒకటిన్నర నిమిషం లోపే అయిపోతుంది. ఓపిక చాలకపోవడం అంటూ ఉండదు, మంట వచ్చిందంటే ఎక్కడో మీట అడుగున అదుముతున్నారన్నమాట. షోపాన్ ఇష్టపడిన ప్లెయెల్ పియానోల మీటలు ఇప్పటివాటికంటే తేలిక, లోతూ తక్కువ. అందుకని నేటి పియానోమీద 144 కంటే కాస్త తగ్గించి వాయించినా తప్పేమీ లేదు. స్ప్రింగులతో పనిచేసే తేలిక కీబోర్డుమీద మాత్రం దీన్ని నేర్చుకోవద్దు. సుత్తి విడిపోయే ఆ చిన్న మెట్టు దాంట్లో వేలికి తగలదు, ఎక్కడ నొక్కుడు ఆపాలో తెలియదు.