ఆర్ఫన్ ట్రెయిన్ ఎక్కినవాళ్లంతా అనాథలు కారు: అపోహలు - వాస్తవాలు

"మా తాతగారి అమ్మానాన్నలు న్యూయార్క్‌లో ఏ సంవత్సరం పోయారో తెలియాలి. డెత్ రికార్డులు ఎక్కడ దొరుకుతాయి?" మా లైబ్రరీకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. నేను తిరిగి అడిగేది కూడా ప్రతిసారీ ఒకటే: వాళ్లు పోయారని మీకెవరు చెప్పారు?

మిస్సోరీలో ఒక కౌంటీ లైబ్రరీలో, వంశచరిత్రలు వెతికిపెట్టే విభాగంలో పనిచేస్తున్నాను. ఈ చుట్టుపక్కల పాత రైతు కుటుంబాల్లో చాలావాటికి న్యూయార్క్ నుంచి రైల్లో వచ్చిన తాతో ముత్తవ్వో ఉంటారు. పేద పిల్లల్ని పల్లెటూరి కుటుంబాల్లో పెట్టడానికి తెచ్చిన ఆ రైళ్లనే ఆర్ఫన్ ట్రెయిన్లు, అంటే అనాథల రైళ్లు, అంటారు. ఈమధ్య మన తెలుగువాళ్లు కూడా అడుగుతున్నారు. కొందరి పిల్లలకు స్కూల్లో దీని మీద ప్రాజెక్ట్ ఇస్తున్నారు. కొందరు ఇక్కడి కుటుంబాలతో వియ్యమందారు, అల్లుడి తరఫు చరిత్ర తెలుసుకోవాలని వస్తారు. ఇంకొందరు వాట్సాప్‌లో వచ్చిన ఒక ఫార్వర్డ్ చూసి ఫోన్ చేస్తారు: అమెరికా 2 లక్షల మంది పిల్లల్ని రైళ్లలో ఎక్కించి డాలరుకొకరు చొప్పున రైతులకు అమ్మేసిందట, నిజమేనా అని. నిజం కాదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు రెండు ముక్కల్లో నేపథ్యం. ఛార్లెస్ లోరింగ్ బ్రేస్ అనే యువ మతబోధకుడు 1853లో న్యూయార్క్‌లో చిల్డ్రన్స్ ఎయిడ్ సొసైటీ పెట్టాడు. ఐర్లండ్, జర్మనీల నుంచి ఓడల్లో దిగినవాళ్లతో ఊరు కిక్కిరిసిపోయిన కాలం అది. వీధుల్లో పేపర్లు అమ్ముకుంటూ, చెత్త ఏరుకుంటూ, మెట్ల కింద పడుకునే పిల్లలు వేలల్లో ఉండేవాళ్లు. వాళ్లను ఆశ్రమాల్లో కుక్కడం కన్నా పల్లెటూరి కుటుంబాల్లో పెట్టడం మేలని బ్రేస్ నమ్మాడు. 1854 అక్టోబరులో మొదటి గుంపు మిషిగన్ రాష్ట్రంలోని డోవజియాక్ అనే చిన్న ఊళ్లో దిగింది. 1929 దాకా, అంటే 75 ఏళ్లపాటు, ఇది సాగింది. తర్వాత చేరిన ఇతర సంస్థలు పంపినవాళ్లతో కలిపి మొత్తం 2 లక్షలకు పైనే ఉంటారని అంచనా.

అపోహ: వాళ్లందరికీ తల్లీతండ్రీ లేరు

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. అందుకే దీని మీదే ఎక్కువ రాస్తున్నాను.

తల్లీతండ్రీ ఇద్దరూ పోయిన పిల్లలు సగం కూడా లేరు. సుమారు పావువంతు మందికి ఇద్దరూ బతికే ఉన్నారని పరిశోధకుల అంచనా. మిగతావాళ్లకు ఎవరో ఒకరున్నారు, చాలాసార్లు తల్లే.

మరి తల్లి ఉండగా పిల్లాడు రైలెందుకు ఎక్కాడు? మొగుడు పోయినా, వదిలేసిపోయినా ఆ రోజుల్లో ఆడమనిషికి పింఛను లేదు, ప్రభుత్వ సాయం లేదు. దొరికే పని బట్టలు ఉతకడం, కుట్టుపని, లేదంటే ఒకరింట్లో ఉండి పనిచేయడం. పనిమనిషి తన బిడ్డను కూడా తెచ్చుకుంటానంటే ఏ యజమానురాలు ఒప్పుకుంటుంది? అందుకని బిడ్డను ఏదో ఒక ఆశ్రమంలో వదిలి, వారానికింత అని కట్టేది. నిలదొక్కుకున్నాక తీసుకెళ్లిపోదామనే ఆమె ఉద్దేశం. ఈలోపు జబ్బు చేస్తే, పని పోతే, కట్టడం ఆగిపోతుంది. ఆశ్రమంలో జాగా ఉండదు. అలాంటి పిల్లల్ని పశ్చిమానికి వెళ్లే గుంపులో చేర్చేవాళ్లు. కొందరు తల్లులు తామే సంతకం పెట్టారు, పల్లెలో కడుపునిండా తిండైనా దొరుకుతుందని. కొందరు చదువురాక గీత గీశారు. మిస్సోరీ ఎంత దూరమో, అక్కడికి వెళ్లిన పిల్లాణ్ని మళ్లీ చూడగలమో లేదో వాళ్లకు ఎవరైనా సరిగ్గా చెప్పారని నేననుకోను.

తమంతట తామే వచ్చిన పెద్ద పిల్లలూ ఉన్నారు. పేపర్లు అమ్ముకునే పిల్లల కోసం సొసైటీ 1854లో ఒక వసతిగృహం తెరిచింది, రాత్రి పడకకు 6 సెంట్లు. అక్కడి నుంచి చాలామంది మేమూ వెళ్తామని పేరు ఇచ్చారు. తర్వాత అలాస్కాకు గవర్నరైన జాన్ బ్రేడీ సంగతే చూడండి. తల్లి పోయింది గానీ తండ్రి ఉన్నాడు. ఇంట్లోంచి పారిపోయి వీధిన పడి, 1859లో ఇండియానా రైలెక్కాడు. అదే రైల్లో వెళ్లిన ఆండ్రూ బర్క్ తర్వాత నార్త్ డకోటా గవర్నరయ్యాడు.

మరి ఇళ్లలో "అమ్మానాన్నలు చనిపోయారు" అనే మాట ఎలా నిలిచింది? పాత ఊరితో, పాత మనుషులతో తెగతెంపులు అయితేనే పిల్లాడు బాగుపడతాడని సొసైటీ గట్టిగా నమ్మింది. తీసుకున్న కుటుంబం, పిల్లాడు బెంగపెట్టుకోకూడదని, మీవాళ్లు ఇక లేరని చెప్పి ఉండొచ్చు. బళ్లో తోటి పిల్లలు "రైలు పిల్లాడు" అని ఏడిపిస్తుంటే, అమ్మ ఉండి కూడా పంపేసిందని చెప్పుకోవడం కన్నా చనిపోయిందని చెప్పడం ఆ పిల్లాడికే తేలిక. రెండు తరాలు గడిచేసరికి అదే ఇంటి చరిత్ర అయిపోయింది.

దీనివల్ల ఏం పోతుందో ఒక కుటుంబం సంగతి చెబితే అర్థమవుతుంది. డెబ్బై దాటిన రైతు ఒకాయన మా దగ్గరికి వచ్చేవాడు. వాళ్ల తాత ఆరేళ్ల వయసులో, 1890లలో వచ్చాడు. తల్లిదండ్రులు న్యూయార్క్‌లో అగ్నిప్రమాదంలో పోయారని ఇంట్లో అందరూ చెప్పుకునేవాళ్లు. ఈయన తండ్రి బతికున్నన్నాళ్లూ ప్రమాదాల్లో చనిపోయినవాళ్ల జాబితాలు, శ్మశానాల రిజిస్టర్లు వెతికించాడు. ఆయన తర్వాత ఈయన మొదలుపెట్టాడు. రెండు తరాల వెతుకులాట, ఒక్క పేరూ కలవలేదు. అవి పక్కన పెట్టి ముందు సొసైటీ రికార్డుకు రాయమన్నాను. కొన్నాళ్లకు ఒక పేజీ నకలు వచ్చింది. పైన పిల్లాడి పేరు, వయసు, పంపిన తేదీ, తీసుకున్న రైతు పేరు. దాని కింద ఇరికించి రాసిన చిన్న అక్షరాలు: తండ్రి జాడ లేదు, తల్లి ఉంది, బట్టలు ఉతుకుతుంది. ఇంకా కింద, రెండేళ్ల తర్వాతి తేదీతో మరో వరస: తల్లి ఆఫీసుకు వచ్చి పిల్లాడి గురించి అడిగింది, బాగున్నాడని చెప్పాము.

ఆయన ఆ వరస మీద వేలు పెట్టి, కళ్లజోడు మీద నమ్మకం లేనట్టు నన్ను చదవమన్నాడు. రెండుసార్లు చదివాను. "అయితే వచ్చి అడిగిందన్నమాట" అన్నాడు.

ఆ తర్వాత పని సులువైంది. బతికున్న మనిషిని వెతకడం మొదలుపెట్టాం కదా. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంది, ఇంటిపేరు మారింది. 1900 జనాభా లెక్కల్లో దొరికింది. ఆ ఏడాది లెక్కల్లో ఆడవాళ్లను రెండు ప్రశ్నలు అడిగారు: ఎంతమంది పిల్లల్ని కన్నారు, ఎంతమంది బతికున్నారు. ఆమె చెప్పిన జవాబు: కన్నది ముగ్గురు, బతికున్నది ముగ్గురు. ఇంట్లో ఉన్నది మాత్రం ఇద్దరే. మిస్సోరీలో ఉన్న కొడుకును ఆమె లెక్కలోంచి తీసేయలేదు.

కాబట్టి దయచేసి డెత్ రికార్డులతో మొదలుపెట్టకండి. తల్లి బతికే ఉందనుకుని వెతకండి. రెండో పెళ్లి రికార్డులు, సిటీ డైరెక్టరీలు (ఊళ్లో ఎవరెక్కడ ఉంటారో అచ్చువేసిన పుస్తకాలు), ఆశ్రమాల రిజిస్టర్లు, 1900, 1910 జనాభా లెక్కలు చూడండి. 1910లో కూడా పిల్లల లెక్క అడిగారు.

ఇక్కడ కొందరికి భయం మొదలవుతుంది. "ఆమె కావాలనే వదిలేసిందని బయటపడితే?" అని అడుగుతారు. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. కొన్ని పేజీల్లో "తాగుబోతు", "పనికిమాలిన మనిషి" లాంటి మాటలు కనిపిస్తాయి. అవి ఆ పూట కలం పట్టిన ఉద్యోగి అభిప్రాయాలు, అతను ఆమెను చూసింది కాసేపు. వాటిని చూసి మీ ముత్తవ్వ మీద తీర్పు చెప్పేయకండి.

అపోహ: తీసుకున్నవాళ్లు దత్తత చేసుకున్నారు

ఎక్కువమంది చేసుకోలేదు. చిల్డ్రన్స్ ఎయిడ్ సొసైటీ పిల్లల్ని ఒప్పంద పత్రం కూడా లేకుండా ఇళ్లలో పెట్టేది. కుదరకపోతే కుటుంబం తిప్పి పంపొచ్చు, సొసైటీ వెనక్కి తీసుకోవచ్చు, పెద్ద పిల్లలైతే వాళ్లే వెళ్లిపోవచ్చు. మన ఊళ్లలో మేనల్లుణ్నో దిక్కులేని పిల్లాణ్నో ఇంట్లో పెట్టుకుని పెంచి, కాగితం మాత్రం రాయించని పెద్దవాళ్లు లేరా? అలాంటిదే. కోర్టులో దత్తత ఫైలు దొరకలేదంటే ఆ పిల్లాడు ఆ ఇంట్లో పెరగలేదని కాదు.

ఇంటి యజమానికి ఏమవుతారనే కాలమ్ 1880 జనాభా లెక్కల్లో మొదటిసారి వచ్చింది. అక్కడ చూడండి: ఒక ఇంట్లో "దత్తపుత్రుడు", పక్క ఇంట్లో "పనివాడు", ఇంకో ఇంట్లో "అద్దెకున్నవాడు" అని ఉంటుంది. ఒకే పిల్లాడికి పదేళ్ల తేడాలో రెండు ఇంటిపేర్లు ఉండొచ్చు. కాగితం లేకపోవడం వల్ల ఆస్తి దగ్గర అన్యాయమైపోయినవాళ్లూ ఉన్నారు. పాతికేళ్లు ఆ పొలంలోనే పనిచేసి, పెంచినాయన వీలునామా రాయకుండా పోతే బంధువులు వచ్చి బయటికి పంపేస్తారు. మీ కుటుంబంలో అలాంటి కథ ఉంటే, ఆ కౌంటీ కోర్టులో ఆస్తి పంపకాల ఫైళ్లు వెతకండి. దత్తత ఫైళ్ల కన్నా అక్కడే ఎక్కువ దొరుకుతుంది.

కేథలిక్ పిల్లలైతే పద్ధతి వేరు. 1869లో నన్స్ మొదలుపెట్టిన న్యూయార్క్ ఫౌండ్లింగ్ ఆశ్రమం పసిపిల్లల్ని ముందే ఖాయం చేసుకున్న కుటుంబాలకు పంపేది. పిల్లల బట్టల మీద నంబరు కుట్టేవాళ్లు, అదే నంబరు ఉన్న కాగితంతో కుటుంబం స్టేషన్‌కు వచ్చేది. వీళ్ల విషయంలో ఒప్పంద పత్రమూ చర్చి బాప్టిజం రికార్డూ రెండూ దొరికే అవకాశం ఉంది.

మిగతావి

అమ్మేశారా? లేదు, డబ్బు చేతులు మారలేదు. కానీ చాలా ఊళ్లలో పిల్లల్ని నాటకశాలలోనో, కోర్టు హాల్లోనో వేదిక మీద వరసగా నిలబెట్టారు. రైతులు వచ్చి చేతులు పట్టి చూసేవాళ్లు. తోబుట్టువుల్ని చాలాసార్లు విడదీశారు. ఆ నిలబడ్డ పిల్లలకు అది వేలంలాగే గుర్తుండిపోయింది. వాళ్ల జ్ఞాపకాన్ని అబద్ధమనను. ఫార్వర్డ్‌లో ఉన్న డాలరు ధర మాత్రం పచ్చి అబద్ధం.

అందరూ సుఖపడ్డారా, అందరూ బానిసలయ్యారా? రెండూ కావు. 87 శాతం మంది బాగుపడ్డారని సొసైటీ 1910లో చెప్పుకుంది, అది వాళ్ల గురించి వాళ్లు వేసుకున్న లెక్క. 1884లో హేస్టింగ్స్ హార్ట్ అనే అధికారి మినెసొటాలో విచారించి, హడావిడిగా ఇళ్లలో పెట్టేశారని, తర్వాత పట్టించుకోవడం తక్కువని తేల్చాడు. మీ తాత ఏ ఇంట్లో పడ్డాడో ఆ ఇంటి కాగితాలే చెప్పాలి.

అందరూ దూర పశ్చిమానికే వెళ్లారా? కాదు. చిల్డ్రన్స్ ఎయిడ్ సొసైటీ అన్నిటికన్నా ఎక్కువమందిని పెట్టింది న్యూయార్క్ రాష్ట్రంలోని పల్లెల్లోనే.

అన్ని జాతుల పిల్లలూ వెళ్లారా? దాదాపు అందరూ తెల్ల పిల్లలే, నల్ల పిల్లలు బహు కొద్దిమంది. 1904లో అరిజోనాలోని క్లిఫ్టన్, మొరెన్సీ గని ఊళ్లలో ఫౌండ్లింగ్ ఆశ్రమం 40 మంది పిల్లల్ని మెక్సికన్ కేథలిక్ కుటుంబాలకు ఇవ్వబోతే, తెల్లవాళ్లు ఆయుధాలతో వచ్చి పిల్లల్ని లాక్కున్నారు. 1906లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లినా, తెల్లవాళ్లు ఉంచేసుకున్న పిల్లలు ఆశ్రమానికి తిరిగి దక్కలేదు.

పేరుమోసిన తుపాకీ దొంగ బిల్లీ ది కిడ్ ఆర్ఫన్ ట్రెయిన్ పిల్లాడా? కాదు. తల్లి వెంట పశ్చిమానికి వెళ్లాడు, ఆమె 1874లో న్యూ మెక్సికోలో చనిపోయింది. ఇది ఎక్కడ పుట్టిన పుకారో గానీ, దయచేసి ఆపండి.

ఎందుకు ఆగిపోయింది? పరాయి ఊళ్ల పిల్లల్ని మా మీదకు తోలుతున్నారని 1890ల నుంచి మిషిగన్, ఇలినాయ్ లాంటి రాష్ట్రాలు ఆంక్షల చట్టాలు చేశాయి. అసలు మార్పు మాత్రం వేరే చోట వచ్చింది. 1909లో వైట్‌హౌస్‌లో జరిగిన సదస్సు, పేదరికం ఒక్క కారణంతో బిడ్డను తల్లి నుంచి తీసుకోకూడదని చెప్పింది. 1911లో ఇలినాయ్ రాష్ట్రం తల్లులకు పింఛను చట్టం చేసింది, తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. పైన చెప్పిన బట్టలుతికే తల్లికి లేనిది అదే.

రికార్డులన్నీ కాలిపోయాయా?

1890 జనాభా లెక్కలు 1921 అగ్నిప్రమాదం వల్ల చాలావరకు పోయాయి, నిజమే. ఆ మాట విని అన్నీ కాలిపోయాయనుకుని ఊరుకున్న కుటుంబాలు ఎన్నో. చిల్డ్రన్స్ ఎయిడ్ సొసైటీ పాత రికార్డులు న్యూయార్క్ హిస్టారికల్‌లో (2024 దాకా దాని పేరు న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీ) ఉన్నాయి. కాన్సస్ రాష్ట్రంలో కాన్కార్డియా అనే ఊళ్లో, పాత రైల్వే స్టేషన్‌లో, నేషనల్ ఆర్ఫన్ ట్రెయిన్ కాంప్లెక్స్ ఉంది. వాళ్లూ వెతకడంలో సాయపడతారు.

రాసేటప్పుడు పెంచినవాళ్ల ఇంటిపేరు ఒక్కటే రాస్తే పని జరగదు. పిల్లాడు వచ్చినప్పటి పేరు, దాన్ని ఎన్ని రకాల స్పెల్లింగులతో విన్నారో అన్నీ, సుమారు పుట్టిన సంవత్సరం, రైలు దిగిన ఊరు, కౌంటీ, తీసుకున్న కుటుంబం పేరు, కేథలికా ప్రొటెస్టెంటా అనేది రాయండి. అన్న, తమ్ముడు, చెల్లెలు ఎవరైనా అదే రైల్లో వచ్చారని ఇంట్లో విన్నట్టయితే వాళ్ల పేర్లు కూడా చేర్చండి. ఒకరి పేజీలో లేని తల్లి పేరు ఇంకొకరి పేజీలో దొరికిన సందర్భాలు ఉన్నాయి.