ఎలుక నడిస్తే ఏం తెలుస్తుంది?

పిల్లలూ,

మీలో చిన్నవాడు మొన్న అడిగిన ప్రశ్న ఇంకా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. "తాతయ్యా, ఈ పురుగుమందు నరాలను పాడుచేస్తుందని ముందే ఎలా తెలిసింది? ఎవరైనా తాగి చూశారా?" అని. చూసింది ల్యాబ్ ఎలుకల మీదరా. మరి ఎలుక నోరు తెరిచి "నాకు కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి" అని చెప్పలేదు కదా, అంటావు. నాడీకణాల పాఠం మొదలుపెడితే మీరు ఈ ఉత్తరం మడిచి పక్కన పడేస్తారు, అందుకే మా నాయనమ్మ దగ్గర మొదలుపెడతాను.

చిన్నప్పుడు జ్వరం దాచుకుని ఆటకి పారిపోవాలని చూసేవాణ్ణి. నాయనమ్మ వెంటనే నుదుటి మీద చెయ్యి వేసేది కాదు. గుమ్మంలో నిలబడి కాసేపు ఊరికే చూసేది, వీడు ఎలా పడుకున్నాడు, ముడుచుకున్నాడా, కళ్లు వాలిపోయాయా అని. తర్వాత రెక్క పట్టుకుని లేపేది. ఒళ్లు వేలాడేసినా, బిగబట్టినా ఆవిడ చేతికి తెలిసిపోయేది. ఆపైన "ఏదీ, ఆ మూల దాకా నడు" అనేది. నేను ఛాతీ విరుచుకుని నడిచేవాణ్ణి, పాదం కాస్త ఈడ్చానంటే దొరికిపోయినట్టే, ఇంక ఆ రోజంతా దుప్పట్లోనే.

ల్యాబ్‌లోనూ సరిగ్గా ఇదే వరస. ముందు బోనులో ఉన్న ఎలుకను తాకకుండా చూస్తారు. తర్వాత చేతిలోకి తీసుకుంటారు: గింజుకుంటోందా, కంటి నీరు, చొంగ కారుతున్నాయా, వణుకు ఉందా. ఆపైన ఖాళీ బల్ల మీద వదిలి నడక చూస్తారు, వెనక కాళ్ల మీద ఎన్నిసార్లు లేచి నిలబడిందో లెక్కపెడతారు. టిక్కుమని శబ్దం చేస్తే ఉలిక్కిపడిందా, వెల్లకిలా వదిలితే తిరగబడి కాళ్ల మీద వాలిందా. ఎలుకల మీద చేసే ఈ పరీక్షల వరసకు ఫంక్షనల్ అబ్జర్వేషనల్ బ్యాటరీ అని పెద్ద పేరుంది. 1968లో శామ్యూల్ ఇర్విన్ అనే ఆయన చిట్టెలుకలను ఇలా పద్ధతిగా పరిశీలించే తీరును వివరంగా రాశాడు, తర్వాత వచ్చినవాళ్లు దాన్ని పెంచుకుంటూ పోయారు.

నాకు బాగా నచ్చింది సిరా పరీక్ష. వెనక పాదాలకు సిరా పూసి, సుమారు ముప్పై సెంటీమీటర్ల ఎత్తు నుంచి కాగితం మీదికి వదులుతారు, రెండు పాదాల ముద్రల మధ్య దూరం స్కేలుతో కొలుస్తారు, అంతే. అక్రిలమైడ్ అనే రసాయనం కొన్నాళ్లు ఇచ్చిన ఎలుకల పాదాలు ఎడంగా పడతాయి. పొడవాటి నరాలు కొసల దగ్గర ముందుగా దెబ్బతింటాయి, అందుకని వెనక కాళ్లు పట్టు తప్పుతాయి. ఒక స్కేలు, కాస్త సిరా, కంటికి కనపడని నరం సంగతి బయటపడింది! ఇన్నేళ్లొచ్చినా నాకిది వింతగానే ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం మా నాయనమ్మ ఆ ఉద్యోగానికి పనికిరాదు. ఎవడు వానలో తడిశాడో, ఎవడు పచ్చి కాయలు తిన్నాడో ఆవిడకు ముందే తెలుసు, కాబట్టి వాడిలోనే జబ్బు వెతికేది. ల్యాబ్‌లో చూసే మనిషికి ఏ ఎలుకకు ఎంత మందు పడిందో, అసలు పడిందో లేదో చెప్పకూడదు. తెలిస్తే మామూలు నడక కూడా తూలుడులాగే కనపడుతుంది. మందు వేయని గుంపు ఒకటి, మూడు మోతాదులకు మూడు గుంపులు, ఒక్కో గుంపులో కనీసం పది మగవి, పది ఆడవి, అన్నీ కలిసిపోయి ఆ మనిషి ముందుకొస్తాయి.

మనిషి కన్ను చాలని చోట యంత్రం పెడతారు. కొత్త పెట్టెలో వదిలిన ఎలుక మొదట తెగ తిరుగుతుంది, వాసన చూస్తుంది, తర్వాత అలవాటుపడి సద్దుమణుగుతుంది. పెట్టెలో అడ్డంగా పోయే కంటికి కనపడని కిరణాలు ఎన్నిసార్లు తెగాయో లెక్క ఉంటుంది. ఒక ఎలుక ఎంతకీ సద్దుమణగకపోతే అదీ ఒక కబురే. అయితే కడుపులో బాగోలేని ఎలుక కూడా తక్కువ తిరుగుతుంది, అది నరాల జబ్బు కాకపోవచ్చు. అందుకే ఒక్క గుర్తు పట్టుకుని తీర్పు చెప్పరు, బరువు, పట్టు, నడక, కళ్లు అన్నీ కలిపి చూస్తారు, ఆ తర్వాత నరాలను సూక్ష్మదర్శిని కింద పెడతారు. అంటే ఆ ఎలుక ఇక ఉండదు. ఆ మాట దాచి మీకు ఈ ఉత్తరం రాయలేను. మన ఒంటి మంచికి అవి ఖర్చవుతున్నాయి, కాబట్టి వీలైనంత తక్కువ వాడాలి, వేరే దారి దొరికితే అసలు వాడకూడదు, వాడినంతకాలం బాధ తగ్గించాలి. 1959 నుంచీ శాస్త్రవేత్తలు ఈ మూడూ చెప్పుకుంటూనే ఉన్నారు, అందరూ ఒకేలా పాటించారని మాత్రం అనను.

సినాప్సుల సంగతి, అంటే ఒక నాడీకణం ఇంకోదానికి కబురు అందించే చోట్ల సంగతి, ఇంకోసారి. ఈలోగా మీ ఇద్దరూ ఓ పని చేయండి. పిల్లినో, ఉడతనో, ఏదైనా ఒకే జంతువును పది నిమిషాలు చూడండి, విడివిడిగా రాసుకోండి. "సంతోషంగా ఉంది" అని రాయొద్దు, "చెవులు నిక్కబొడిచింది, తోక రెండుసార్లు ఊపింది" అని రాయండి. ఒకరిది ఒకరు చూడకుండా రెండు కాగితాలూ నాకు పంపండి, ఎక్కడ తేడా వచ్చిందో అక్కడినుంచి మాట్లాడుకుందాం.

మీ తాతయ్య