పారిస్ వీధుల కింద 60 లక్షల మంది

పారిస్‌లోని దాంఫెర్ రోష్‌రో కూడలిలో 131 మెట్లు దిగితే, దాదాపు 20 మీటర్ల లోతున కాటకాంబ్స్, అంటే ఎముకలు దాచిన పాత గని సొరంగాలు, మొదలవుతాయి. సుమారు 60 లక్షల మంది ఎముకలు అక్కడున్నాయని అంచనా. 2009లో ఎవరో వాటిని చిందరవందర చేయడంతో కొన్నాళ్లు మూసేయాల్సి వచ్చింది. గుర్తుగా ఎముక ముక్క పట్టుకెళ్లాలనుకునే వాళ్లూ ఉంటారు, అందుకే బయటికొచ్చే దారిలో బ్యాగుల తనిఖీ. అది టూరిస్టు స్థలమా, శ్మశానమా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా 18వ శతాబ్దం దాకా వెళ్లాల్సిందే.

అప్పట్లో ఊరి నడిబొడ్డున, పెద్ద మార్కెట్‌ను ఆనుకుని ఇన్నోసాంట్స్ శ్మశానం ఉండేది. వందల ఏళ్లు పేదసాదలను పెద్ద పెద్ద గోతుల్లో ఒకరి మీద ఒకరిని పూడ్చారు. 1780 మే నెలలో ఆ బరువుకు పక్క ఇంటి నేలమాళిగ గోడ కూలి, శవాలు లోపలికొచ్చి పడ్డాయి. ఆ ఏడాదే శ్మశానం మూతపడింది.

ఊరికి అప్పటికే ఇంకో టెన్షన్ ఉంది. ఇళ్లకు కావలసిన సున్నపురాయిని శతాబ్దాలుగా ఊరి కిందే తవ్వుకున్నారు. 1774లో ఒక వీధి దాదాపు 300 మీటర్ల మేర కుంగిపోయింది. పాత గనులకు ఊతగోడలు కట్టించడానికి 1777లో ప్రత్యేక విభాగం పెట్టి, గియోమో అనే వాస్తుశిల్పిని అధిపతిని చేశారు. పైన చచ్చినవాళ్లకు చోటు లేదు, కింద సొరంగాలు ఖాళీ. దారి అలా దొరికింది.

1786 ఏప్రిల్ 7న మతగురువులు ఆ చోటును ప్రార్థనలతో పవిత్రం చేశారు. ఎముకలను తరలించింది రాత్రిళ్లు: నల్లగుడ్డ కప్పిన బళ్లు, వెంట చనిపోయినవారి కోసం ప్రార్థనలు పాడుతూ గురువులు. మిగతా శ్మశానాలవీ తర్వాత అక్కడికే చేరాయి.

మొదట్లో వాటిని కుప్పలుగా పోశారు. ఇప్పుడు మనం చూసే అమరిక 1810 నుంచి, అప్పటి గనుల విభాగం అధిపతి ఎరికార్ ద త్యూరీ చేయించినది. కాలి ఎముకలను కొసలు బయటికి కనిపించేలా గోడలా పేర్చి, మధ్యమధ్య పుర్రెల వరసలు పెట్టారు. ఆ గోడ వెనకంతా చిన్నాపెద్దా ఎముకల గుట్టే. పలకల మీద ఏ శ్మశానం నుంచి ఎప్పుడు తెచ్చారో ఉంటుంది. ఏ పుర్రె ఎవరిదో చెప్పే పేరు మాత్రం ఉండదు. నన్ను ఎక్కువగా కలచివేసేది అదే. బతికినప్పుడు వీళ్లూ ఆ మార్కెట్‌లో బేరమాడినవాళ్లే.

చనిపోయినవారి అవశేషాలను గౌరవంగా చూడాలని 2008 డిసెంబర్‌లో ఫ్రాన్స్ తన సివిల్ కోడ్‌లో చేర్చుకుంది. సెల్ఫీ కోసం పుర్రె మీద చెయ్యి వేసేవాళ్లకు ఈ సంగతి మెట్లు దిగకముందే గట్టిగా చెప్పాలి.