వెనక హౌసింగ్ మార్పిడి: అపోహలు - వాస్తవాలు

పాత అంబాసిడర్ కొని బాగుచేసుకునే కుర్రాళ్లు వరంగల్ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. పెద్ద ఇంజిన్ పెట్టేస్తారు. తర్వాత వెనక హౌసింగ్ (వెనక చక్రాల మధ్య అడ్డంగా ఉండే, లోపల గేర్లున్న యాక్సిల్ గొట్టం) తట్టుకుంటుందో లేదోనని టెన్షన్ పడి, వేరే బండిది వేసేద్దామనుకుంటారు. ఆ భయంలో న్యాయముంది, ఎందుకంటే ఇంజిన్ టార్క్ (తిప్పే బలం) చివరికి పడేది హౌసింగ్‌లోని క్రౌన్ (పెద్ద గేరు), పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేరు) మీద, చక్రాల్ని తిప్పే యాక్సిల్ షాఫ్టుల మీదే. కానీ వాళ్లు ఎక్కడెక్కడో విని మోసుకొచ్చే మాటలకే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: కమాన్ కట్టల (బండి బరువు మోసే పట్టీ స్ప్రింగుల) మీద కూర్చుందంటే హౌసింగ్ సరిపోయినట్టే.

వాస్తవం: జేబుకి పెద్ద చిల్లు పెట్టేది ఈ మాటే. పక్కనుంచి చూస్తే గేర్‌బాక్స్ షాఫ్ట్, పినియన్ సమాంతరంగా ఉండాలి. ఆ రెంటినీ కలిపే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి రెండు చివర్లా క్రాస్ అనే కీళ్లుంటాయి. సమాంతరంగా ఉంటేనే ముందు క్రాస్‌ దగ్గర పుట్టిన కుదుపును వెనక క్రాస్ సరిచేస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే కమాన్లు మెలిపడి పినియన్ మూతి పైకి లేస్తుంది కాబట్టి, ముందే ఒకటి రెండు డిగ్రీలు కిందికి పెడతాం. ఆ కోణం బండి బరువు టైర్ల మీద ఉన్నప్పుడే కొలవాలి. జాకీ మీద హౌసింగ్ వేలాడుతుండగా కొలిస్తే ఆ కొలత దండగ.

జనగామ వైపు నుంచి ఒక తమ్ముడు వాళ్ల నాన్న బండి తెచ్చాడు. స్పీడ్ 60 దాటితే సీటు కింద వణుకు. అప్పటికే ఎవరో చెప్పారని గేర్‌బాక్స్ విప్పించాడు, ప్రొపెల్లర్ షాఫ్ట్ బ్యాలెన్స్ చేయించాడు, టైర్లు మార్పించాడు. "ఇక నావల్ల కాదన్నా, అమ్మేస్తా" అన్నాడు. కింద దూరి చూస్తే పినియన్ మూతి పైకి చూస్తోంది. కమాన్ ప్యాడ్లకు (హౌసింగ్ కమాన్ల మీద కూర్చునే పలకలకు) కంటి లెక్కతో ఫుల్ వెల్డింగ్ కొట్టేశారు. వాటిని కోసి, మళ్లీ చుక్కలుగా అతికించి, బండి కిందికి దించి, కోణం చూసుకున్నాకే పూర్తి వెల్డింగ్ వేశాం. అదీ కొంచెం ఈ వైపు, కొంచెం ఆ వైపు, మధ్యలో చల్లారనిస్తూ. ఒకేసారి వేడి పెడితే ట్యూబ్ వంగుతుంది, ఆయిల్ సీలు కారుతుంది, బేరింగ్ పోతుంది. వణుకు ఆగింది. ఆ గేర్‌బాక్స్‌లో అసలు లోపమే లేదు పాపం.

అపోహ: జీప్ హౌసింగ్ వేస్తే బండికి లాగుడొస్తుంది.

వాస్తవం: లాగుడు రేషియోలో (పినియన్ ఎన్నిసార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుందో ఆ లెక్కలో) ఉంటుంది, లావులో కాదు. పాత విల్లీస్ జీపు క్రౌన్‌కి 43 పళ్లు, పినియన్‌కి 8, అంటే 5.38. టైరు 26 అంగుళాలైతే 80 స్పీడ్‌లో చక్రం నిమిషానికి సుమారు 640 సార్లు తిరుగుతుంది. టాప్ గేర్‌లో ఇంజిన్ నిమిషానికి 3,400 చుట్ల పైన అరుస్తూనే ఉంటుంది. 4.11 రేషియోతో అదే స్పీడ్‌కి 2,600 చాలు. పైగా జీపు డిఫరెన్షియల్ (హౌసింగ్‌లో క్రౌన్, పినియన్ ఉండే గుండ్రటి భాగం) మధ్యలో ఉండదు, పక్కకి జరిగి ఉంటుంది. కొనేముందు పళ్లు లెక్కపెట్టండి. ఫోర్ వీల్ జీపుకైతే ముందు, వెనక రేషియో ఒకటే ఉండి తీరాలి.

అపోహ: వెనక పెద్ద డ్రమ్ వస్తే బ్రేక్ ఇంకా మంచిది.

వాస్తవం: ముందు బ్రేకులు పాతవే ఉంచితే తడి రోడ్డు మీద వెనక చక్రాలు ముందే లాకై బండి గిర్రున పక్కకి తిరిగిపోతుంది. వీల్ సిలిండర్ (చక్రం దగ్గర బ్రేక్‌ని నెట్టే భాగం) సైజు కూడా చూసుకోవాలి.

అపోహ: కింది పార్టే కదా, ఎవరికీ తెలీదు.

వాస్తవం: మోటారు వాహనాల చట్టంలో మార్పుల సంగతి 52వ సెక్షన్‌లో ఉంది. పని మొదలుపెట్టకముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి, హౌసింగ్ కొన్న బిల్లు జాగ్రత్త చేయండి.