ఆపరేషన్ కుదరని అన్నవాహిక క్యాన్సర్: చికిత్స తర్వాతి ఏళ్లు

అన్నవాహిక దాదాపు 25 సెంటీమీటర్ల పొడవున్న కండర గొట్టం. దానికి ముందు శ్వాసనాళం, పక్కనే గుండె నుంచి వచ్చే ప్రధాన రక్తనాళమైన బృహద్ధమని, కాస్త కిందికి దిగితే గుండె. పైగా పేగుల చుట్టూ ఉండే పలుచని బయటి పొర దీనికి లేదు. గోడ దాటిన కణితికి అడ్డేమీ ఉండదు, నేరుగా పక్క అవయవాన్ని పట్టుకుంటుంది. బృహద్ధమనిలోకో శ్వాసనాళంలోకో పాకిన కణితిని కోసి తీయబోతే ప్రాణానికే ముప్పు. కణితి గొంతుకు మరీ దగ్గరగా ఉన్నా, రోగి గుండె, ఊపిరితిత్తులు అంత పెద్ద శస్త్రచికిత్సను తట్టుకోలేవనిపించినా వైద్యులు ఆపరేషన్ వద్దంటారు.

ఆ మాట వినగానే ఇంటిల్లిపాదీ ఆశ వదిలేసుకుంటారు. అది తొందరపాటు. 1980ల ద్వితీయార్ధంలో అమెరికాలో ఆర్‌టీఓజీ 85-01 అనే క్లినికల్ ట్రయల్, అంటే రోగులకు వేర్వేరు చికిత్సలిచ్చి ఫలితాలను పోల్చే పరీక్ష, మొదలైంది. ఆపరేషన్ ప్రసక్తి లేకుండా, కొందరికి రేడియేషన్ మాత్రమే ఇచ్చారు. మిగతావారికి కొంత తక్కువ మోతాదు రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్, ఫ్లోరోయురాసిల్ మందులతో కీమోథెరపీ ఇచ్చారు. రేడియేషన్ ఒక్కటే అందుకున్నవారిలో అయిదేళ్లకు ఒక్కరూ మిగల్లేదు. రెండూ కలిపి అందుకున్నవారిలో 26 శాతం మంది బతికి ఉన్నారు. నలుగురిలో ఒకరు అంటే గొప్ప సంఖ్యేమీ కాదు, పక్క అవయవాల్లోకి పాకిన కణితులకు అవకాశం ఇంకా తక్కువ. అయినా సున్నా నుంచి 26కు చేరడమంటే, అప్పటిదాకా లేని ఒక దారి తెరుచుకోవడమే. రేడియేషన్ మోతాదు పెంచితే ఫలితం ఇంకా మెరుగవుతుందేమోనని తర్వాత మరో పరీక్షలో చూశారు. లాభం కనిపించలేదు.

వ్యాధి తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే తిరగబెడుతుంది. అందుకే చికిత్స మొదలైన రోజు విన్న శాతాన్ని నాలుగో ఏడు కూడా తలచుకుని కుంగిపోవడం అనవసరం. అంతవరకు వ్యాధి లేకుండా వచ్చిన మనిషి అవకాశాలు అప్పటికి చాలా మారిపోయి ఉంటాయి.

ఇక రోజువారీ బతుకంతా మింగడం చుట్టూ తిరుగుతుంది. రేడియేషన్ క్యాన్సర్ కణాలను చంపేటప్పుడు చుట్టూ ఉన్న మంచి కణజాలమూ, దానికి రక్తం అందించే సన్నని నాళాలూ దెబ్బతింటాయి. ఆ గాయం మానే క్రమంలో మచ్చ కణజాలం పేరుకుంటుంది. ఒంటిమీద కాలిన చోట చర్మం మానుతూ ముడుచుకుపోయినట్టే, లోపల గొట్టం బిగుసుకుంటుంది. దారి సుమారు 13 మిల్లీమీటర్లకు తగ్గితే ఘనాహారం అడ్డుపడటం మొదలవుతుంది. దారి సరిపడా ఉన్నా, ఆ భాగంలో కండరం ముద్దను కిందికి నెట్టే బలం కోల్పోవచ్చు. అప్పుడు ముద్దను దింపే పని భూమ్యాకర్షణదే. అందుకే నిటారుగా కూర్చుని చిన్న చిన్న ముద్దలు బాగా నమలాలి, మధ్యమధ్య గుక్కెడు నీళ్లు తాగాలి, తిన్న వెంటనే పడుకోకూడదు. పూటకు ఎక్కువ తినలేరు కాబట్టి రోజులో ఎక్కువసార్లు, శక్తి దండిగా ఉన్న ఆహారం తినాలి. పక్కవాళ్లు తినడం ముగించాక కూడా ఇంకా నములుతూ కూర్చున్న మనిషిని దయచేసి తొందరపెట్టకండి.

దారి బాగా ఇరుకైతే ఎండోస్కోపీ చేసి వెడల్పు చేస్తారు. మత్తు ఇచ్చి, ముడుచుకున్న చోటికి సన్నని బెలూన్‌ను చేర్చి, నీటి ఒత్తిడితో దాన్ని ఉబ్బించి కాసేపు అలాగే ఉంచుతారు. ఒకేసారి ఎక్కువ సాగదీస్తే గోడ చిరిగే ప్రమాదముంది. అందుకే కొద్దికొద్దిగా, కొన్ని విడతల్లో చేస్తారు. మచ్చ మళ్లీ బిగుసుకోవచ్చు, కొందరికి ఏళ్ల తరబడి ఇది అవసరమవుతుంది. దీన్ని చికిత్స విఫలమైనట్టుగా చూడకూడదు.

మింగడం మళ్లీ కష్టమైన ప్రతిసారీ గుండె జారుతుంది. మచ్చా, వ్యాధి తిరగబెట్టిందా? లక్షణాన్ని బట్టి రెండింటినీ వేరు చేయడం కష్టం. క్యాన్సర్ ఉన్న చోటును వెలుగుగా చూపే పెట్ స్కాన్‌లో వాపు కూడా వెలుగుతుంది కాబట్టి అది కూడా తికమక పెట్టగలదు. ముక్క తీసి బయాప్సీకి పంపాలి, అవసరమైతే కొంతకాలం తర్వాత మరోసారి చూడాలి. ఫలితం కోసం ఎదురుచూసే ఆ రోజుల ఆందోళన చాలామందికి చికిత్సకంటే కష్టంగా ఉంటుంది. దాన్ని వైద్యుడికి చెప్పుకోవడంలో తప్పేమీ లేదు. వ్యాధి అన్నవాహికలోనే తిరగబెట్టి, మనిషి తట్టుకోగల స్థితిలో ఉంటే, మొదట్లో వద్దన్న ఆపరేషన్‌ను కొందరి విషయంలో మళ్లీ పరిశీలిస్తారు కూడా.

ఆలస్యంగా బయటపడే ఇబ్బందులు మరికొన్ని ఉన్నాయి. రేడియేషన్ తగిలిన ఊపిరితిత్తి భాగం గట్టిపడి ఆయాసం రావచ్చు. గుండె చుట్టూ నీరు చేరవచ్చు, గుండె రక్తనాళాలు ఏళ్ల తర్వాత ఇరుకు కావచ్చు. మెడ భాగానికి చికిత్స జరిగితే థైరాయిడ్ మందగించవచ్చు, దాన్ని మామూలు రక్తపరీక్షతోనే కనిపెట్టవచ్చు. పదేళ్ల తర్వాత ఆయాసంతోనో ఛాతీ నొప్పితోనో కొత్త వైద్యుడి దగ్గరకు వెళ్లినా, ఛాతీకి రేడియేషన్ జరిగిందన్న మాట ముందుగా చెప్పాలి, పాత చికిత్స కాగితాలు వెంట తీసుకెళ్లాలి.